అయిదు పొరలు, మూడు మందాలు

క్లబ్బుకి బయల్దేరుతూ బ్యాగులోంచి బ్యాటు తీశాను. అది నా చేతిలో పుస్తకంలా తెరుచుకుంది. రబ్బరు రబ్బరు దగ్గరే ఉంది. దాని కింద చెక్క మాత్రం పొరలు పొరలుగా విడిపోయి, అంచు దగ్గర గోరు పెడితే లోపలికి దూరిపోతోంది. బాల్కనీలో బట్టల స్టాండు కింద బ్యాగు పెట్టి మరిచిపోయాను. ఆ వారం పట్టిన తుపాను జల్లంతా తిన్నగా దాని మీదే పడింది.

కాలేజీ రోజుల నుంచి నా దగ్గర ఉన్న టేబుల్ టెన్నిస్ బ్యాటు అది. పెళ్ళి, పిల్ల చదువు, పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఉద్యోగం, ఇన్నిటి మధ్యా శని, ఆదివారాల సాయంత్రాలు మాత్రం నావి. మా టౌన్‌షిప్ క్లబ్బులో రెండు టేబుళ్ళున్నాయి. ఒకటి పిల్లలది, ఇంకొకటి మోకాళ్ళ గురించి మాట్లాడుకునే వయసు వాళ్ళది. నేను గట్టిగా కొట్టే రకం కాదు. అవతలివాళ్ళు ఎంత బలంగా కొట్టినా వెనక్కి జరిగి, బంతిని కింద నుంచి కోసినట్టు తాకి, మెల్లగా మళ్ళీ వాళ్ళ ముందుకే పంపిస్తాను. వాళ్ళు ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు. చివరికి వాళ్ళకే విసుగొచ్చి నెట్‌కి కొట్టుకుంటారు. చూసేవాళ్ళకి ఇది ఆటలాగే అనిపించదు. నాకు మాత్రం ఇదే ఆట.

డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి వెళ్ళి కొత్త బ్యాటు కొన్నాను. అది మందంగా, బిర్రుగా ఉంది. నేను బంతిని ఊరికే అలా తాకితే అది టేబులు దాటి గోడ దగ్గర కూర్చున్న పెద్దాయన ఒళ్ళో పడింది. ఆయన పేపరు దించి చూసి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇప్పుడు దొరికేవన్నీ ఇలా గట్టిగా కొట్టేవాళ్ళ కోసం చేసినవేనని షాపతను ముందే చెప్పాడు. నేనే వినలేదు.

ఆ ఆదివారం మా అన్నయ్యా వదినా భోజనానికి వచ్చారు. అన్నయ్యకి మధురవాడలో ఫర్నిచర్ వర్క్‌షాపు ఉంది. అక్కడ లేచిన ప్రతి అపార్టుమెంటులోనూ తన బీరువా ఒక్కటైనా ఉందని చెప్పుకుంటాడు. చేతులు కడుక్కుని వస్తూ, కిటికీలో ఆరబెట్టిన నా పాత బ్యాటు చూశాడు.

"ఏటే ఇది?"

"నా బ్యాటు అన్నయ్యా. తడిసి ఊడిపోయింది."

తీసి అటూ ఇటూ తిప్పి, ఒక్కో పొరనీ ఉల్లిపాయ వొలిచినట్టు లాగాడు. "ఇది ప్లైవుడ్డే కదే! ఐదు పొరలు. మద్దిలోది మెత్తటి సెక్క, రెండు పక్కలా పల్సటి వెనీరు. దీనికి షాపులకెందుకు తిరగడం? నాను సేసిస్తాను, వచ్చీ ఆదివారానికి."

మా ఆయన అప్పటికి పెరుగన్నంలో ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లులో పని. ఎర్రగా కాలిన ఉక్కుని రోలర్ల మధ్య నుంచి పంపిస్తూ కావలసిన మందానికి తీసుకురావడం ఆయన డ్యూటీ. మనిషిది రాజమండ్రి వైపు. మా అన్నయ్యతో ఇన్నేళ్ళ చుట్టరికంలోనూ 'అండీ' దాటి మాట్లాడింది లేదు. చేయి కడుక్కుని, బీరువా తెరిచి, పెట్టెలోంచి మైక్రోమీటరు తీశారు. అందరి ఇళ్ళల్లో బీరువాలో నగలుంటాయి. మా ఇంట్లో మందం కొలిచే మైక్రోమీటరు ఉంటుంది.

"ముందు కొలుచుకోవాలి కదండీ బావగారూ." ఒక్కో పొరా కొలిచి కాగితం మీద కూడారు. తర్వాత పిడి దగ్గర ఇంకా విడిపోని చోట కొలిచారు. "చూశారా! పొరలన్నీ కూడితే అయిదున్నర మిల్లీమీటర్లు. అంటించిన చోట కూడా ఇంచుమించు అంతే. అంటే జిగురు మందం అసలు లేనట్టే."

"జిగురుకి మందమేటి బావా? జిగురు జిగురే," అని అన్నయ్య నవ్వేశాడు.

నేను ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ ఒక్క మాట మీద రెండు నెలలు గడుస్తాయని నాకు అప్పుడు తెలీదు.

వెనీరంటే కాగితానికి అన్నలాంటిది. దుంగ నుంచి పల్చగా తీసిన చెక్క రేకు. బీరువా తలుపుల మీద టేకులా కనిపించడానికి అంటిస్తారు. అన్నయ్య దగ్గర ముక్కలకి కొదవ లేదు. పాత బ్యాటు పొరలతో సరిచూసి, అదే మందం రేకులు ఏరాడు. వడ్రంగులు వాడే తెల్ల జిగురులో బ్రష్షు బాగా నడవడానికి కాసిని నీళ్ళు కలిపాడు. రేకులకి రెండు వైపులా దిట్టంగా పట్టించి, రెండు చెక్కల మధ్య పెట్టి, అంచుల్లో క్లాంపులు బిగించాడు. అన్నట్టే ఆదివారానికి బ్యాటు పట్టుకొచ్చాడు. పైన టేకు గీతలు, నున్నగా తోమిన పిడి, చూడముచ్చటగా ఉంది. టేబులు మీద పెడితే మాత్రం పడవలా ఊగింది.

మా ఆయన మైక్రోమీటరు పట్టారు. "ఆరు దాటిందండీ. అంచుల్లో ఆరు, నడిమధ్యలో ఆరుంపావు."

"అదెలగ? రేకులు అయ్యే కదా. కూడితే అయిదున్నరే కదా!"

"మిగిలిందంతా మీ జిగురండీ. ఆయ్. నాలుగు చోట్ల పూశారు, నాలుగూ నిలబడ్డాయి. పైగా చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. అంచులు బిగించారు కాబట్టి అక్కడి జిగురు మధ్యకి పోయి కూర్చుంది."

అన్నయ్య కాఫీ గ్లాసు అందుకున్నాడు. నేను ఆ సాయంత్రం నా పాత రబ్బరు దానికి అంటించి ఆడాను. వంటింటి పీటతో ఆడినట్టుంది. బరువుకి మణికట్టు లాగింది. బంతి షాపు బ్యాటు కంటే ఇంకో గజం ఎక్కువ పోయింది. ఈసారి పెద్దాయన ముందే కుర్చీ జరుపుకున్నాడు. సంగతి తెలిసి మా వదిన, "పారీకమ్మా, నాకియ్యి. పరుపులు దులుపుకుంటాను," అని అడిగి మరీ తీసుకుంది.

రెండో బ్యాటు మా ఆయన పద్ధతిలో జరగాల్సిందేనని తేలింది. "మందమనేది జిగురులో ఉండదోయ్, నొక్కుడులో ఉంటుంది," అన్నారు నాతో. ఆనందపురం దగ్గర ఒక చిన్న ప్లైవుడ్ ఫ్యాక్టరీ అన్నయ్యకి తెలుసు. అక్కడ వేడిగా నొక్కే ప్రెస్సు ఉంది. ఒక శనివారం ముగ్గురం అన్నయ్య వ్యానులో వెళ్ళాం. షెడ్డు నిండా పచ్చి చెక్క వాసన, దాని మీద ఘాటైన జిగురు వాసన. అక్కడి జిగురు పొడి రూపంలో వస్తుంది. బజ్జీల పిండిలా కలిపారు. నీళ్ళు తక్కువ, వేడి తగిలితే గట్టిపడుతుంది. దాన్ని రోలరుతో పల్చగా రాసి, రేకులు పేర్చి, రెండు వేడి ఇనప పలకల మధ్యకి తోశారు.

ఫ్యాక్టరీ యజమాని, "మా ప్రెస్సు తలుపులకి సెట్ చేసుందండీ. నొక్కుడు తగ్గించమంటారా?" అని అడిగాడు.

"ఉండనీండి. బాగా నొక్కితేనే జిగురు బయటికి పోతుంది," అన్నారు మా ఆయన. ఆ ఇనప పలకల ముందు నిలబడితే ఆయన ముఖం మిల్లులో ఉన్నట్టే వెలిగిపోయింది.

మేం టీ తాగి వచ్చేసరికి ముక్క బయటికొచ్చింది. గాజు పలకలా నున్నగా, ఎక్కడా వంపు లేదు. మా ఆయన నాలుగు మూలలా కొలిచి, "చూడండి, వెంట్రుక వాసి తేడా లేదు!" అని మురిసిపోయారు.

"ఎంతుంది బావా?" అన్నాడు అన్నయ్య.

ఆయన మళ్ళీ చూసుకున్నారు. అయిదుకి కూడా కాస్త తక్కువే ఉంది. అదే మందం రేకులు, కూడితే అయిదున్నర. మొదటిసారి ఆరు దాటాయి, ఇప్పుడు అయిదుకి దిగాయి. అన్నయ్య అంచుని వెలుతురులో పెట్టి చూశాడు. మధ్యలో ఉన్న మెత్తటి పొర నలిగి, దాదాపు పైపొర అంత గట్టిగా అయిపోయింది.

"సెక్క పేణం పోనాది," అన్నాడు నెమ్మదిగా.

అలా ఎందుకన్నాడో, వర్క్‌షాపులో దాన్ని బ్యాటుగా కోయించి ఆ సాయంత్రం ఆడాకగానీ నాకు అర్థం కాలేదు. బంతి తగలగానే 'టంగ్' మంది. చెక్కకి తగిలిందో రేకు డబ్బాకి తగిలిందో తెలియలేదు. బంతిని నేను కోసే లోపలే అది వెళ్ళిపోతోంది. పక్క టేబులు పిల్లలు ఆట ఆపేసి, "ఆంటీ, మళ్ళీ ఒకసారి కొట్టండి!" అని ఆ చప్పుడు కోసం అడిగారు.

మర్నాడు అన్నయ్య వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. టీ ఇంకా కాగుతోంది.

"నాను సెప్తానే ఉన్నాను," అన్నాడు అన్నయ్య. "ఇనప కడ్డీని నొక్కినట్టు నొక్కీసావు బావా. సెక్క ఇనుమేటి?"

"మీరు గోడకి సున్నం వేసినట్టు జిగురు వేశారు. అది బాగుందా మరి?"

"నాది కనీసం సెక్కలాగుంది. పరుపులైనా దులపొచ్చు."

"కొలత తెలియకుండా పనెలా చేస్తావు బావా నువ్వు?" అన్నారు మా ఆయన. 'గారు' పోయింది, 'అండీ' పోయింది. అన్నయ్య ఒక్క క్షణం ఆయన వైపు చూసి, చెప్పులేసుకున్నాడు.

"టీ తాగి వెళ్ళన్నయ్యా."

"ఎల్తన్నాను. షాపులో పనుంది." ఆదివారం షాపుండదని ముగ్గురికీ తెలుసు.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. అన్నయ్య ఫోన్ చేస్తే నాతో మాట్లాడి పెట్టేసేవాడు. మా ఆయన మైక్రోమీటరు బీరువాలో పెట్టేశారు. ఈలోగా క్లబ్బుల మధ్య పోటీలు వస్తున్నాయని మా క్లబ్బులో నోటీసు పెట్టారు. నలభై దాటిన ఆడవాళ్ళకి విడిగా ఉంది. నేను పేరు ఇచ్చేశాను. ఇంట్లో మాత్రం, "నాకిక బ్యాట్లు వద్దు, షాపుదే చాలు," అని ప్రకటించాను. వదిన ఫోన్‌లో, "మీ అన్న షాపులో పని మానీసి సెక్క ముక్కలు గీక్కుంటా కూకుంటన్నాడమ్మా. ఏటంటే సెప్పడు," అంది.

ఒక శనివారం నేను క్లబ్బులో ఆడుతుంటే మా ఆయన తలుపు దగ్గర కనిపించారు. మొదటి షిఫ్టు ముగించుకుని, స్నానం కూడా చేయకుండా నేరుగా వచ్చినట్టున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా ఆట చూడడానికి ఆయన రావడం అదే మొదలు. ఆయనకి షిఫ్టులు ఒక అడ్డం. రమ్మని నేను ఎప్పుడూ పిలవకపోవడం ఇంకొకటి. పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చుని చివరిదాకా చూశారు. నేను షాపు బ్యాటుతో వరసగా ఓడిపోయాను. సగం బంతులు టేబులు దాటిపోయాయి.

స్కూటరు మీద ఇంటికి బయల్దేరాం. మా వీధి మలుపులో స్లో చేసి, "నువ్వు బంతిని కొట్టవన్నమాట," అన్నారు.

"అవునండీ."

"వాళ్ళు కొట్టిందాన్ని ఆపి, మెత్తగా పంపిస్తావు."

"అవునండీ."

"ఈ ముక్క ముందే చెప్పాలి కదోయ్! నేను అవతలివాళ్ళని బెదరగొట్టే బ్యాటు చేద్దామనుకున్నాను."

"మీరు అడగలేదు కదా," అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడకపోయినా నవ్వారని భుజాల కదలికలో తెలిసింది. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. బ్యాటు వస్తుందో రాదో పక్కన పెడితే, ఒక మనిషి నా ఆట ఏమిటో చూసి అర్థం చేసుకున్నాడు. ఇంటికి రాగానే ఆయనే ఫోన్ చేశారు. "బావా, నేనే. రేపు షాపు తెరుస్తావా?" అవతల నుంచి అన్నయ్య గొంతు నాకు వినిపించింది. "వచ్చీండి. రేకులు ఎండలో ఎట్టీసి ఉంచాను."

ఆయన ఫోన్ చేస్తారని అన్నయ్యకి ఎలా తెలిసిందో వదిననే అడగాలి.

మర్నాడు మధురవాడ వెళ్ళాం. నేను కూడా ఈసారి పక్కన నిలబడి చూడకుండా పాత బ్యాటు పొరలు ముందు పెట్టాను. వాటి లోపలి వైపు జిగురు అసలు కనిపించదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర మీద ఉన్నంత మెరుపు మాత్రం ఉంది. "ఇంతే ఉండాలన్నయ్యా. ఇంతకంటే ఎక్కువైతే నాకు బరువు. నలిగిపోతే చప్పుడు," అన్నాను.

అన్నయ్య ఈసారి అదే తెల్ల జిగురు తీశాడు, నీళ్ళు మాత్రం కలపలేదు. ఒక్క వైపే చిన్న రబ్బరు రోలరుతో రాశాడు. రాసినదాన్ని పాత ఫోన్ రీఛార్జి కార్డుతో మళ్ళీ గీకేశాడు. గీకేసింది చూస్తే రాసిందాంట్లో సగం ఉంది. ఆ తడి మెరుపు కొంచెం తగ్గేదాకా ఆగి, పొరలు పేర్చాడు. మా ఆయన పాత ఇనుము దుకాణంలో కొన్న రెండు మందపాటి పలకలు తెచ్చారు. చెక్కల మధ్య పెట్టి అంచులు బిగిస్తే మధ్యలో ఎత్తు వస్తుందని మొదటి బ్యాటప్పుడు ఆయన చెప్పింది నిజమే. ఈ పలకలైతే ఎక్కడా వంగవు, అంతటా ఒకేలా నొక్కుతాయి. జిగురు అంటుకోకుండా మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేసి క్లాంపులు బిగించడం మొదలుపెట్టారు. చుట్టూ అంచు నుంచి జిగురు ఆవగింజల్లా బయటికి వచ్చింది.

"చాలు బావా," అన్నాడు అన్నయ్య.

మా ఆయన చేయి ఇంకో తిప్పు తిప్పడానికి క్లాంపు మీదే ఉంది. మిల్లు చేయి అది. నేను దాని మీద నా చేయి పెట్టాను. "చాలండీ." ఆయన వదిలేశారు.

మర్నాడు అన్నయ్య క్లాంపులు విప్పి, ముక్కని తానే మా ఇంటికి తెచ్చాడు. మా ఆయన కొలిచి నిట్టూర్చారు. అయిదు ముప్పావు దగ్గర ఉంది. "మళ్ళీ ఎక్కువే."

"తడింకా లోపలుంది బావా. ఆరనీ."

మా ఆయన నమ్మలేదుగానీ, మా పడగ్గదిలో ఫ్యాను కింద దాన్ని అంచు మీద నిలబెట్టి ఉంచారు. డ్యూటీకి వెళ్ళేముందు రోజూ ఒకసారి కొలిచేవారు. "ఈ రోజు కొంచెం దిగిందోయ్," అని నిద్రలో ఉన్న నాకు చెప్పి వెళ్ళేవారు. చెక్క తాగిన నీళ్ళు మెల్లగా వదిలేస్తూ, అది రోజురోజుకీ పల్చబడింది. వారం తిరిగేసరికి అయిదున్నర మీద వెంట్రుకంత పైన ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొలిచినా కదల్లేదు. అప్పుడు అన్నయ్య దాన్ని బ్యాటు ఆకారంలో కోసి, పిడి పెట్టి, నా పాత రబ్బరు అంటించాడు.

క్లబ్బులో మొదటి బంతి తాకినప్పుడు మెత్తగా 'టప్' మంది. బంతి బ్యాటు మీద ఒక్క లిప్తపాటు ఆగి, నేను చెప్పింది విని, అప్పుడు వెళ్ళింది. పెద్దాయన పేపరు దించలేదు.

పోటీలు భీమునిపట్నం దారిలో ఒక కాలేజీ హాల్లో పెట్టారు. సముద్రపు గాలికి బంతి పక్కకి పోతుందని కిటికీలన్నీ మూసేశారు. అందరం చెమటలతో తడిసిపోయాం. మా ఆయన సెలవు పెట్టారు. అన్నయ్య వ్యాను తెచ్చాడు. ఇద్దరూ ముందు వరస కుర్చీల్లో కూర్చుని, ఆట తెలిసినవాళ్ళలా తలలూపారు. మొదటి ఆటలో నా అవతల ఒక బ్యాంకు ఉద్యోగిని. చాలా గట్టిగా కొట్టింది. నేను వెనక్కి జరిగి పంపాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పంపాను. చివరి గేములో ఆవిడ బ్యాటు టేబులు మీద పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని, "ఏంటండీ మీరు!" అని నవ్వేసింది. నేను గెలిచాను.

"మా సెల్లి!" అని అన్నయ్య హాలంతా వినపడేలా అరిచాడు. నేను వెనక్కి జరిగిన ప్రతిసారీ భయపడ్డాననుకుని, "ముందుకెళ్ళవోయ్!" అని మా ఆయన కేకలు పెట్టారు. అంపైరు ఆయన్ని ఒకసారి మందలించాడు.

రెండో ఆటలో ఓడిపోయాను. ఎడమ చేత్తో ఆడే భీమిలి ఆవిడ, నేను పంపిన ప్రతి బంతినీ ఇంకా మెల్లగా నాకే తిప్పి పంపింది. నా పద్ధతి నా మీదే ఎవరైనా వాడితే ఎంత చిరాగ్గా ఉంటుందో ఆరోజు తెలిసింది. ఆట అయ్యాక ఆవిడ నా బ్యాటు అడిగి తీసుకుని, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఎక్కడ కొన్నారు?"

"మేమే చేశామండీ," అన్నారు మా ఆయన. "నానే సేసాను," అన్నాడు అన్నయ్య. ఇద్దరూ ఒకేసారి. ఆవిడ నా వైపు చూసింది. "చేయించాను," అన్నాను.

దారిలో ఆగి వేడి వేడి ఇడ్లీలు తిన్నాం. నేను ఓడిపోయిన సంగతి వాళ్ళెవరూ ఎత్తలేదు. జిగురు ఎంతసేపు ఆరనివ్వాలి, రేకుల్ని ముందు ఎంత ఎండబెట్టాలి అని ప్లేట్ల మీద వేళ్ళతో గీతలు గీస్తూ వాదించుకున్నారు. ఇద్దరి మధ్యా 'గారు' మళ్ళీ రాలేదు. ఎవరూ దాని కోసం వెతకలేదు కూడా.

ఇప్పుడు షిఫ్టు కుదిరిన శనివారాలు మా ఆయన కూడా క్లబ్బుకి వస్తున్నారు. బ్యాటుని గరిటెలా పట్టుకుంటారు. ప్రతి బంతినీ సీలింగు ఫ్యానుకి కొడతారు. చెమట తుడుచుకుంటూ, "కొంచెం మెల్లగా ఆడవోయ్," అంటారు.

"ఇంతకంటే మెల్లగా నాకు రాదండీ," అని మళ్ళీ సర్వీసు వేస్తాను.